ఢిల్లీ ఇనుప స్తంభం: తుప్పే తొడుగైన లోహం

ఢిల్లీ ఇనుప స్తంభం గుప్తుల కాలంలో చేసిన విష్ణుధ్వజం. నేడది ఢిల్లీ నగరానికి దక్షిణాన మెహ్రౌలీలో, కుతుబ్ మీనార్ పక్కనున్న కువ్వతుల్ ఇస్లాం మసీదు ముంగిట్లో నిలిచి ఉంది. సుమారు పదహారు వందల ఏళ్లుగా ఎండకు ఎండి వానకు తడిసినా చెక్కు చెదరకపోవడంతో దానికి ‘తుప్పు పట్టని ఇనుము’ అన్న పేరు స్థిరపడింది. బడి పుస్తకాల్లోనూ, గైడ్ల నోటా అదే మాట వినిపిస్తుంది. స్తంభాన్ని దగ్గరగా పరీక్షించిన లోహశాస్త్రజ్ఞులు చెప్పేది మాత్రం కొంచెం వేరు. స్తంభానికి తుప్పు పట్టింది; పట్టిన ఆ తుప్పు ఒక దశలో గట్టిపడి లోపలి ఇనుముకు తొడుగైంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న తుప్పు ఎందుకు పట్టలేదని కాదు, పట్టిన తుప్పు ఎందుకు ఆగిపోయిందని. ఆ జవాబు ఇనుము గుణంలో కొంత, కొలిమి పద్ధతిలో కొంత, స్తంభం నిలిచిన చోటి గాలిలో కొంత దొరుకుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చాలదని స్తంభమే సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని వరుసగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్వరూపం

స్తంభం మొత్తం పొడవు సుమారు 7.2 మీటర్లు. అందులో దాదాపు 1.1 మీటర్లు వేదిక కింద నేలలో ఉంది. అడుగున 42 సెంటీమీటర్ల వ్యాసంతో మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, శిరోభాగం దగ్గర 30 సెంటీమీటర్లకు చేరుతుంది. బరువు ఇంచుమించు 6 టన్నులు. బోర్లించిన గంటను పోలిన అలంకారం, దాని మీద ఒకదానిపై ఒకటి పేర్చిన చక్రాల వంటి భాగాలు, అన్నిటికీ పైన చదరపు పీట కలిసి శిరోభాగం. పీట నడుమ ఒక గాడి ఉంది. ఒకప్పుడు అక్కడ గరుడుడి ప్రతిమ గానీ చక్రం గానీ అమరి ఉండేదని పండితుల అభిప్రాయం. వైష్ణవ ధ్వజానికి ఆ రెండూ తగినవే. స్తంభపు అడుగు పాతాళం దాకా దిగి వాసుకి తలలో గుచ్చుకుని ఉందని ఉత్తరాదిన ఒక జానపద కథ. ఆ మేకును పెకలించిన రాజు మళ్లీ పాతినా అది వదులుగానే నిలిచిందనీ, ఆ ‘ఢీలీ’, అంటే వదులైన, మేకు మీదుగానే ఊరికి ఢిల్లీ అన్న పేరు వచ్చిందనీ కథ కొనసాగుతుంది. 1871లో పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ సహాయకుడు బెగ్లర్ తవ్వి చూసినప్పుడు మీటరు లోతులోనే అడుగు కనిపించింది. ఉల్లిగడ్డలా ఉబ్బిన ఆ అడుగు చిన్న చిన్న ఇనుప కడ్డీల మీద ఆనుకుని ఉంది. ఆ కడ్డీలను సీసం పోసి రాతిలో బిగించారు. కథ చెప్పిన లోతు లేదు గానీ, ఆరు టన్నుల బరువును మీటరు లోతు పునాది మీద నిటారుగా నిలపడం కథకు తీసిపోయే పనేమీ కాదు.

శాసనం, కాలం

స్తంభం ఎవరిదో చెప్పే ఆధారం దాని ఒంటిమీదే ఉంది. గుప్తుల కాలపు బ్రాహ్మీ లిపిలో, సంస్కృతంలో, శార్దూలవిక్రీడిత వృత్తంలో మూడు శ్లోకాలు ఆరు పంక్తులుగా చెక్కి ఉన్నాయి. ‘చంద్ర’ అనే రాజు వంగదేశంలో కూడివచ్చిన శత్రువులను ఓడించాడనీ, సింధునది ఏడు ముఖాలను దాటి వాహ్లికులను జయించాడనీ, అతని పరాక్రమ పరిమళం దక్షిణ సముద్రం దాకా వ్యాపించిందనీ, అతను విష్ణుభక్తితో విష్ణుపదగిరి మీద ఈ ఎత్తయిన ధ్వజాన్ని నెలకొల్పాడనీ శాసనం సారాంశం. 1838లో జేమ్స్ ప్రిన్సెప్ దీన్ని మొదట చదివినప్పుడు రాజు పేరును ‘ధవ’గా పొరబడ్డాడు. 1871లో బొంబాయి పండితుడు భావు దాజీ దాన్ని ‘చంద్ర’ అని సరిదిద్దాడు. 1888లో ఫ్లీట్ తన గుప్త శాసనాల సంపుటంలో దీన్ని సమగ్రంగా ప్రకటించాడు.

శాసనంలో సంవత్సరం లేదు, వంశం పేరు లేదు. అందువల్ల మొదటి చంద్రగుప్తుడు, సముద్రగుప్తుడు, పుష్కరణ రాజు చంద్రవర్మ, చివరికి కుషాణ రాజు కనిష్కుడు కూడా ఈ చంద్రుడేనని వేర్వేరు పండితులు వాదించారు. అయినా క్రీ.శ. 375-415 ప్రాంతంలో పాలించిన రెండవ చంద్రగుప్తుడి వైపే మొగ్గు ఎక్కువ. అక్షరాల తీరు ఆ కాలానిదే. విల్లు పట్టిన రాజు బొమ్మ ఉన్న అతని బంగారు నాణేల మీద ‘చంద్ర’ అన్న పొట్టి పేరే కనిపిస్తుంది. అతని విష్ణుభక్తికి వేరే శాసనాల్లోనూ సాక్ష్యం ఉంది. రాజు లోకాన్ని విడిచినట్టు ధ్వనించే మాటలు శాసనంలో ఉండటంతో, అతని కుమారుడు కుమారగుప్తుడి కాలంలో ఈ పద్యాలు చెక్కి ఉంటారని కొందరి ఊహ. ఏది ఒప్పుకున్నా స్తంభం వయసు క్రీ.శ. 400 ప్రాంతం నుంచి పెద్దగా జరగదు. మన చర్చకు అవసరమైన మరో సంగతి కూడా ఇక్కడుంది. ఈ మూడు శ్లోకాల్లో రాజు కీర్తి ఉంది, భక్తి ఉంది, ధ్వజం ఎత్తు ఉంది. ఇనుము ప్రశంస మాత్రం ఎక్కడా లేదు. తుప్పు పట్టకపోవడం చేయించినవారు చాటుకున్న గొప్ప కాదు. వందల ఏళ్ల తరవాత చూసినవారు గమనించిన వింత.

విష్ణుపదగిరి నుంచి మెహ్రౌలీకి

ఇప్పుడు స్తంభం ఉన్న చోటు కొండ కాదు. అంటే మొదట నెలకొల్పింది ఇక్కడ కాదు. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గరి ఉదయగిరే శాసనంలోని విష్ణుపదగిరి అని ఆర్. బాలసుబ్రమణ్యం, మీరా దాస్, మైఖేల్ విల్లిస్ వంటి పరిశోధకులు వాదించారు. దీనికి గట్టి ఆధారమే ఉంది. ఉదయగిరి గుహల్లో రెండవ చంద్రగుప్తుడి కాలపు శాసనాలున్నాయి. ఒకదానిలోని గుప్త సంవత్సరం 82 క్రీ.శ. 401-402కు సరిపోతుంది. భూమిని ఉద్ధరిస్తున్న వరాహమూర్తి మహాశిల్పం ఆ కొండమీదే ఉంది. అక్కడి నుంచి ఢిల్లీకి ఎవరు తెచ్చారన్న విషయంలో రెండు వాదాలున్నాయి. స్తంభం మీద సంవత్ 1109, అంటే క్రీ.శ. 1052 నాటి చిన్న రాతలో తోమర రాజు అనంగపాలుడి పేరు చదివినవారు అతనే తెచ్చాడంటారు. 1230లలో మాళవం మీద దండెత్తి విదిశను కొల్లగొట్టిన ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ దీన్ని విజయచిహ్నంగా తెచ్చాడని మరో వాదం. ఎవరు తెచ్చినా స్తంభం తన జీవితంలో తొలి కొన్ని శతాబ్దాలు మాళవంలోనూ, తరవాతి కాలం ఢిల్లీలోనూ గడిపిందన్నది ముఖ్యం. ఢిల్లీ గాలి ఒక్కటే దీన్ని కాపాడిందనేవారు ఈ ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తయారీ

ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. బొగ్గు, తిత్తులు, మట్టి కొలిమితో నడిచిన గుప్తుల కాలపు కమ్మరం అంత వేడిని అందుకోలేదు, అందుకోవలసిన అవసరమూ లేదు. ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కాల్చితే ప్రాణవాయువు విడిపోయి, ఇనుము కరగకుండానే స్పంజిలాంటి ముద్దగా మిగులుతుంది. మలినాలు చిట్టెంగా కరిగి కొంత కారిపోతాయి, కొంత ముద్దలోనే చిక్కుకుంటాయి. ఎర్రగా కాలిన ముద్దను దాగలి మీద పెట్టి సమ్మెటతో బాదితే చిట్టెం చాలావరకు పిండుకుపోయి చేత ఇనుము వస్తుంది. ఇలా చేసిన ముద్దలను మళ్లీ కాల్చి, ఒకదానిమీద ఒకటి పెట్టి బాది అతికిస్తే పెద్ద వస్తువు తయారవుతుంది. స్తంభాన్ని పోత పోశారని ఒకప్పుడు కొందరు ఊహించారు గానీ, లోపల చిక్కుకున్న చిట్టెం రేణువులు, అతుకుల గీతలు, ఒంటిమీది సమ్మెట దెబ్బల గుర్తులు ఆ ఊహను కొట్టివేశాయి. ఒక్కో ముద్ద 20 నుంచి 30 కిలోల బరువు ఉండేదని బాలసుబ్రమణ్యం అంచనా. ఆ లెక్కన ఆరు టన్నుల స్తంభానికి రెండు వందల నుంచి మూడు వందల ముద్దలు కావాలి. ప్రతి ముద్దనూ సరైన వేడిలో తీయాలి. అప్పటికే వందల కిలోలకు పెరిగిన స్తంభపు కొసనూ అదే వేడికి తేవాలి. రెండూ చల్లారకముందే బాది ఒకటి చేయాలి. తాటిమాను పొడుగు ఇనుప దిమ్మను పొయ్యిలోకీ దాగలి మీదికీ తిప్పుతూ, వంకర పోకుండా, పైకి సన్నబడే కొలత తప్పకుండా ఈ పని సాగించడానికి ఒక కమ్మరి కొట్టం చాలదు. పదుల మంది, అనేక కొలుములు, ఒక్కడి అజమాయిషీ కావాలి. స్తంభంలో నిస్సందేహంగా మనుషుల నేర్పుకే చెందే అద్భుతం ఇదే. తుప్పు కథ వెలుగులో ఇది తరచూ మరుగున పడిపోతుంది.

పరిశోధన

స్తంభం లోహాన్ని నమ్మదగిన పద్ధతిలో మొదట విశ్లేషించినవాడు షెఫీల్డ్ లోహశాస్త్రవేత్త రాబర్ట్ హాడ్‌ఫీల్డ్. 1912లో అతను ప్రకటించిన లెక్కల ప్రకారం నమూనాలో 99.72 శాతం ఇనుము, 0.08 శాతం కర్బనం, 0.114 శాతం భాస్వరం, 0.006 శాతం గంధకం ఉన్నాయి. మాంగనీసు లేదు. 1961లో భారత పురావస్తు శాఖ శతవార్షికోత్సవ సందర్భంలో స్తంభాన్ని పెకలించి, శుభ్రపరిచి, మళ్లీ నిలబెట్టారు. ఆ సమయంలో జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశోధనాలయం వారికి లోతుగా పరిశీలించే వీలు దొరికింది. తరవాత 1990ల నుంచి కాన్పూర్ ఐఐటీలో బాలసుబ్రమణ్యం సాగించిన పరిశోధనలు ఈ చర్చను కొత్త దారి పట్టించాయి. ఈ విశ్లేషణలన్నిటిలోనూ రెండు విషయాలు మళ్లీమళ్లీ తేలాయి. ఒకటి, స్తంభపు ఇనుము అన్ని చోట్లా ఒకే తీరుగా లేదు. వందల ముద్దల అతుకు కాబట్టి చోటు మారితే కర్బనం, భాస్వరం పాళ్లు మారతాయి. రెండు, భాస్వరం ఎక్కడ చూసినా నేటి ఉక్కులో కన్నా చాలా ఎక్కువ. సగటున సుమారు 0.25 శాతం. ఇళ్లకు, వంతెనలకు వాడే నేటి ఉక్కులో దాన్ని 0.05 శాతానికి అటూ ఇటూ మించనివ్వరు.

ఆ తేడా కొలిమి పద్ధతిలోనే పుట్టింది. నేటి ఉక్కు కర్మాగారంలో సున్నం వేసి భాస్వరాన్ని చిట్టెంలోకి లాగేస్తారు. భాస్వరం ఇనుమును చల్లని స్థితిలో పెళుసు చేస్తుంది గనక అది వద్దనే ఆ ప్రయాస. ప్రాచీన భారతీయ కొలిమిలో సున్నం వేసే పద్ధతి లేదు. ఖనిజంలోని, బొగ్గులోని భాస్వరంలో మంచి వంతు ఇనుములోనే మిగిలిపోయేది. నేటి ఇంజనీరు దోషంగా ఎంచి తీసేసేది నాటి కొలిమి తెలియకుండానే ఉంచేసింది.

గాలి వల్లనా, లోహం వల్లనా?

స్తంభం మన్నికకు కారణం చెప్పే సిద్ధాంతాలు చాలాకాలం రెండు శిబిరాలుగా ఉండేవి. మొదటిది వాతావరణ వాదం. గాలిలో తేమ ఒక మోతాదును, స్థూలంగా 70 శాతాన్ని, దాటితేనే ఇనుము మీద తుప్పు చురుకుగా సాగుతుంది. ఢిల్లీలో వానాకాలం, శీతకాలపు పొగమంచు ఉదయాలు తప్ప ఏడాదిలో ఎక్కువ భాగం గాలి పొడిగానే ఉంటుంది. సముద్రం చాలా దూరం కాబట్టి ఉప్పుగాలి లేదు. గంధకపు పొగలు ఇటీవలి కాలపు సంగతి. ఢిల్లీలో ఆరుబయట పెట్టిన మామూలు ఉక్కు కూడా ఇతర ఊళ్లతో పోలిస్తే నెమ్మదిగానే తుప్పు పడుతుందని 1950లలో హడ్సన్ అనే పరిశోధకుడు కొలిచి చూపాడు. 1970లో స్వీడన్ శాస్త్రవేత్త రాంగ్లెన్ మరో అంశం జోడించాడు: ఆరు టన్నుల ఇనుము పగలు పీల్చుకున్న వేడిని రాత్రి త్వరగా వదలదు కాబట్టి దాని మీద మంచు సులువుగా పేరుకోదు. ఇవన్నీ నిజాలే. వీటిని కాదంటే స్తంభం అర్థం కాదు.

కానీ ఈ వాదం ఒక్కటే చాలుననుకుంటే వెంటనే ఒక చిక్కు ఎదురవుతుంది. అదే ఢిల్లీలో, అదే గాలిలో, కిటికీ ఊచలూ గేట్లూ రంగు పోయిన రెండు మూడేళ్లకే ఎర్రబారి పొలుసులు రాలుస్తాయి. పొడిగాలి తుప్పును నెమ్మది చేయగలదు గానీ, పదహారు వందల ఏళ్లపాటు ఆపలేదు. నెమ్మదిగా సాగే తుప్పుకు కూడా శతాబ్దాలు చిక్కితే లోహాన్ని చాలా లోతు తినేస్తుంది. స్తంభం మీద శాసనాక్షరాల అంచులు ఈనాటికీ తేటగా చదవడానికి వీలుగా ఉన్నాయి. కాబట్టి ఇక్కడ తుప్పు నెమ్మదించడమే కాదు, ఎక్కడో ఆగింది కూడా.

రెండో శిబిరం లోహ వాదం. ఇనుములోనే ఏదో ప్రత్యేక గుణం ఉందని, కాబట్టి ఎక్కడ పెట్టినా చెక్కు చెదరదని ఈ పక్షం చెబుతుంది. దీనికి ఎదురుసాక్ష్యం స్తంభం కాళ్ల దగ్గరే ఉంది. నేలలో పాతిన భాగాన్ని 1961లో బయటికి తీసినప్పుడు దాని మీద దళసరి తుప్పు, గుంటలు కనిపించాయి. అదే ఇనుము, అవే ముద్దలు, అదే సమ్మెట. కానీ ఎప్పుడూ తడి ఆరని మట్టిలో ఆ లోహం తనను తాను కాపాడుకోలేకపోయింది. ప్రయోగశాలలో ఎవరూ ఇంతకన్నా చక్కగా అమర్చలేని పరీక్ష ఇది. ఒకే లోహం రెండు చోట్ల ఉండి రెండు ఫలితాలిచ్చింది కాబట్టి లోహం ఒక్కటే కారణం కాదు. ఒకే ఊళ్లో రెండు రకాల ఇనుము రెండు ఫలితాలిచ్చింది కాబట్టి గాలి ఒక్కటే కారణం కాదు. రెండు శిబిరాల ఓటమీ ఒకే మాట చెబుతోంది: ఈ లోహం, తడిసి ఆరే ఈ గాలి కలిసినప్పుడే ఆ ఫలితం పుట్టింది.

తుప్పు పొర పనితీరు

ఆ కలయిక ఎలా పని చేస్తుందో బాలసుబ్రమణ్యం బృందం తుప్పు పొరనే పరీక్షించి వివరించింది. ఏ ఇనుమైనా తడి తగిలితే ముందు తుప్పు పడుతుంది. మామూలు ఉక్కు మీద ఏర్పడే తుప్పు గుల్లగా ఉంటుంది; దాని సందుల్లోంచి నీరూ గాలీ మళ్లీ లోపలికి దిగుతాయి, కొత్త తుప్పు పాతదాన్ని పొలుసులుగా తోసేస్తుంది, పని మళ్లీ మొదలవుతుంది. స్తంభం మీద కూడా మొదట ఇదే జరిగింది. అయితే ఇనుము కరిగి తుప్పుగా మారుతున్నకొద్దీ దానిలోని భాస్వరం లోహానికీ తుప్పుకూ నడుమ పోగుపడింది. ఆ భాస్వరం సమక్షంలో, జపాన్ శాస్త్రవేత్త మిసావా పేరు మీద మిసవైట్ అని పిలిచే ఒక రకం ఇనుప ఆక్సీహైడ్రాక్సైడు లోహానికి అంటిపెట్టుకుని దట్టమైన పొరగా ఏర్పడింది. ఇది గుల్లగా ఉండదు. ఆ తరవాత తడిసి ఆరిన ప్రతి రుతువులోనూ పోగుపడిన భాస్వరం ఇనుముతో కలిసి ఫాస్ఫేటు లవణాలుగా మారింది. ఇవి నీటిలో సులువుగా కరగవు. ఏళ్లు గడిచేకొద్దీ స్ఫటికాలుగా కుదురుకుని మిగిలిన సందులను పూడ్చేశాయి. ఇలా ఏర్పడ్డ పొర మందం మిల్లీమీటరులో చిన్న భాగమే. అయినా నీటినీ గాలినీ లోహం దాకా పోనివ్వకుండా ఆపడానికి అది చాలింది. ముల్లును ముల్లుతో తీసినట్టు, ఇక్కడ తుప్పును తుప్పే ఆపింది.

ఈ వివరణలో తడిసి ఆరడం అనే మాట కీలకం. ఎప్పుడూ తడిగా ఉంటే పొర కుదురుకునే వ్యవధి దొరకదు. నేలలోని భాగం చెడిపోవడానికి కారణం అదే. ఎప్పుడూ పొడిగా ఉంటే పొర ఏర్పడేదాకా తుప్పే ముందుకు సాగదు. వానాకాలం తడిపి, మిగతా ఏడాది ఎండగట్టే ఉత్తర భారతపు రుతుక్రమం ఈ పొరకు సరిగ్గా సరిపోయింది. లోహవాదమూ వాతావరణవాదమూ ఒకదానికొకటి పోటీ అనుకున్నంతకాలం తేలని సమస్య, వాతావరణాన్ని లోహం మీద పని చేసే చేయిగా చూడగానే విడిపోయింది.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వివరణ మీద కొన్ని ఆక్షేపణలు సహజంగా వస్తాయి. మొదటిది: తుప్పు పొర లోహాన్ని కాపాడుతుందనడం వినడానికే విడ్డూరం, ఇలాంటిది మరెక్కడైనా ఉందా? ఉంది. 1930లలో అమెరికాలో కార్టెన్ అన్న పేరుతో అమ్మకానికి వచ్చిన ఉక్కు రంగు వేయకుండానే ఆరుబయట నిలుస్తుంది. అందులో రాగి, క్రోమియం, కొంత భాస్వరం కలుపుతారు. మొదటి కొన్నేళ్లు అది తుప్పు పట్టి, ముదురు గోధుమ రంగు పొర కట్టి, తరవాత స్థిరపడుతుంది. ఎప్పుడూ తడిగా ఉండే చోట అదీ చెడిపోతుంది. స్తంభం చరిత్రను కొన్నేళ్లకు కుదించి చూపినట్టుంటుంది దాని నడక. ఇంట్లో వాడే స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వేరే జాతి. అందులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది, దాని కవచం కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడు పొర. ‘ఢిల్లీ స్తంభం ప్రాచీన స్టెయిన్‌లెస్ స్టీలు’ అనడం అందుకే పొరపాటు.

రెండో ఆక్షేపణ: ధార్ పట్టణంలోని ఇనుప స్తంభం మాటేమిటి? మధ్యప్రదేశ్‌లోని ఈ స్తంభం ఇప్పుడు మూడు ముక్కలుగా పడి ఉంది. ముక్కలన్నీ కలిపితే పొడవు 13 మీటర్లు దాటుతుంది, అంటే ఢిల్లీ స్తంభం కన్నా చాలా పెద్దది. పరమార భోజుడి కాలానిదని సాధారణంగా చెబుతారు. దానిలోనూ భాస్వరం హెచ్చుగానే, సుమారు 0.28 శాతం ఉంది. అదీ ఆరుబయట శతాబ్దాలుగా నిలిచింది. అందుకే ధార్ స్తంభం ఈ వాదాన్ని దెబ్బతీసేది కాదు, బలపరిచేది. ఒకే రకం కొలిమి, ఒకే రకం వాతావరణం వేరే చోట కలిసినప్పుడు అలాంటి ఫలితమే వచ్చింది. ఢిల్లీ స్తంభం ఒంటరి వింత కాదని, ఒక పెద్ద కమ్మరి సంప్రదాయంలో మిగిలిన గట్టి ఆనవాలని ఇది చూపుతుంది.

మూడోది: భాస్వరంతో అంత మేలు ఉంటే నేటి ఉక్కులో ఎందుకు కలపరు? పెళుసుతనం వల్ల. రాయిలా నిలబడి తన బరువు తానే మోసే స్తంభానికి పెళుసుతనం పెద్ద ముప్పు కాదు. వంగి, సాగి, అదిరే వంతెనకో రైలు పట్టాకో అది ప్రాణాంతకం. స్తంభానికి కూడా ఆ బలహీనత తప్పలేదు. భూమికి నాలుగు మీటర్ల ఎత్తున ఫిరంగి గుండు తగిలిన సొట్ట, దానికి అవతలి వైపు చీలిక ఉన్నాయి. 1739లో ఢిల్లీని దోచిన నాదిర్‌షాకు దీన్ని అంటగడతారు; మరికొందరు 1787 నాటి రోహిల్లా నాయకుడు గులాం ఖాదిర్‌కు ఆపాదిస్తారు. గుండు వేసినవాడెవడైనా, కూల్చలేకపోయాడు. పెళుసుతనాన్ని అదుపులో ఉంచి, భాస్వరపు మేలును కాంక్రీటులో వాడే కమ్మీలకు తీసుకురావచ్చా అన్న పరిశోధన కాన్పూర్ ఐఐటీలోనే జరిగింది.

అన్నిటికన్నా బరువైనది నాలుగో ఆక్షేపణ. భాస్వరం అనే మూలకాన్ని 1669లో గాని ఎవరూ గుర్తించలేదు. కాబట్టి గుప్తుల కమ్మరులకు దాని సంగతి తెలియదు. స్తంభం మన్నిక కేవలం యాదృచ్ఛికం. అందులో గొప్ప ఏముంది అని కొందరంటారు. దీనికి అవతలి కొసన, ప్రాచీనులకు నేటి శాస్త్రం మరిచిపోయిన రహస్య విద్య ఏదో తెలుసని మరికొందరంటారు. ఈ రెండు మాటల్లోనూ ఒకే పొరపాటు ఉంది. జ్ఞానమంటే మూలకం పేరు తెలియడమేనని రెండు పక్షాలూ అనుకుంటున్నాయి. కమ్మరికి మూలకాల పట్టిక అక్కర్లేదు. ఏ గని రాయి ఏ రకం ఇనుమిస్తుంది, ఏ ఇనుము నాగలికి పనికొస్తుంది, ఏది అతుకుతుంది, ఏది పగులుతుంది అన్నది తరతరాల చేతి అనుభవం. భాస్వరం ఎక్కువైన ఇనుము చల్లారితే పెళుసుగా ఉంటుందని బాదేవాడి చేతికి తెలుస్తుంది. దాన్ని ఖడ్గానికి కాక స్తంభానికి వాడటం తెలివైన ఎంపికే. అయితే తుప్పు ఆగుతుందని తెలిసే వాడారనడానికి ఆధారం లేదు. శాసనం మౌనం కూడా అటే మొగ్గు చూపుతుంది. మన్నిక వారి లక్ష్యం కాకపోవచ్చు, కానీ అది వారి పద్ధతి ఫలితం. పద్ధతి మాత్రం యాదృచ్ఛికం కాదు.

తెలుగునాట ఉక్కుతో పోలిక

‘భారతీయ ఇనుము’ అంతా ఒకే రహస్యమున్న ఒకే పదార్థం అన్న అపోహ పోవడానికి తెలంగాణ ఉక్కును పక్కన పెట్టి చూడటం మేలు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం మూసలో వండిన ఉక్కుకు పేరుపడిన ఊరు. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో అక్కడికి వెళ్లిన వాయిసీ అనే యూరోపియన్ పరిశీలకుడు, ఇస్ఫహాన్ నుంచి పర్షియా వర్తకులు వచ్చి ఆ ఉక్కు కొనుక్కుపోవడం గురించి రాశాడు. దక్షిణాదిన ఇనుము ముక్కలను తంగేడు కట్టెతో, ఆకులతో మూసలో మూసి గంటల తరబడి కాల్చి ఈ ఉక్కు చేసేవారని ఆనాటి యూరోపియన్ పరిశీలకులు నమోదు చేశారు. దానిలో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. అందుకే కత్తి వాదరకు అంత పదును. ఢిల్లీ స్తంభంలో కర్బనం దానికన్నా చాలా తక్కువ. ఒకటి పదును కోసం, ఒకటి నిలబడటం కోసం. కోనసముద్రం ఉక్కు కత్తిని నూనె రాయకుండా వదిలేస్తే తుప్పు పడుతుంది. స్తంభపు ఇనుముతో కత్తి చేస్తే వాదర నిలవదు. రెండు ప్రాంతాల కమ్మరులూ తమ పనికి తగ్గ ఇనుమును తయారు చేసుకున్నారు. వారి నేర్పును కొలవవలసింది ఆ పొందిక కుదిర్చిన తీరుతోనే.

సందర్శన, పరిరక్షణ

కుతుబ్ ప్రాంగణం 1993 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. 72.5 మీటర్ల మీనార్ చూపును తన వైపు లాక్కునే ఆ ముంగిట్లో స్తంభం చిన్నదిగా కనిపించడం సహజం. దాన్ని తీరిగ్గా చూడాలంటే కొన్ని గుర్తులు తెలిసి ఉండాలి. దగ్గరగా చూస్తే అడుగు భాగం సమ్మెట దెబ్బలతో గరుకుగా, దానిపైన ఒళ్లు నునుపుగా ఉంటుంది. కొత్తగా తోమినట్టు కాక, గోధుమ, నలుపు కలిసిన రంగు ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది. ఆ రంగే రక్షణ పొర. మనిషి ఎత్తున ఒక పట్టీ మాత్రం మిగతా ఒంటికన్నా మెరుపుగా కనిపిస్తుంది. స్తంభానికి వీపు ఆనించి చేతులు వెనక్కి చుట్టి వేళ్లు కలిపితే కోరిక తీరుతుందన్న నమ్మకంతో తరాల తరబడి జనం చేసిన ఒరిపిడి అది. నమ్మకంతో చుట్టిన ఆ చేతులు, చెమటతో రాపిడితో, స్తంభాన్ని కాపాడుతున్న పొరనే అరగదీశాయి. అందుకే 1997లో పురావస్తు శాఖ చుట్టూ కంచె వేసింది. శాసనం అర్థం తెలుసుకోదలచినవారికి 1903లో పండిట్ బాంకే రాయ్ అనువాదంతో గోడకు అమర్చిన ఫలకాలున్నాయి.

కంచె అవతల నుంచి చూసేవాడికి స్తంభం అందదు. అయితే అందకపోవడమే దాన్ని సరిగ్గా చూడటానికి దారి. తుప్పు పట్టనిదైతే తాకినా నష్టం లేదు. తుప్పు పట్టి, ఆ తుప్పును కవచంగా చేసుకున్నది కాబట్టే తాకకూడదు. ఇకముందు దాని భద్రత ఆ పల్చని పొర మీద, ఆ పొర భద్రత ఢిల్లీ గాలి మీద ఆధారపడి ఉంది. శతాబ్దాలపాటు ఆ గాలిలో లేని గంధకపు పొగలు ఇప్పుడున్నాయి. కంచె మనుషుల చేతులను ఆపగలదు, పొగను ఆపలేదు.